ఒక్క ముక్క ఉంచుకున్న ఇళ్ళు

మా ఊళ్ళో జనం ఏం పని చేసుకుని బతుకుతున్నారో తెలుసుకోవడానికి ఒక అమ్మాయి జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్ నగర్‌కు వచ్చింది. మా ఊరు పాలమూరు వైపు, ఎర్రమట్టి, రాతిగుట్టలు తప్ప ఇంకేదీ ధారాళంగా దొరకని చోట ఉంటుంది. ఇక్కడ పొద్దున బస్సెక్కితే అక్కడ దిగేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఆ అమ్మాయి మాత్రం ఆఫీసు ముందు కారెక్కి, గుట్ట దిగి, మా బస్తీ మలుపులో కారు వదిలి, షేక్‌పేట వైపు దిగే మెట్ల మీద నా గదికి నడిచి వచ్చింది. పేరు నిఖిల. స్టూలు వేస్తే దుమ్ము కూడా దులపకుండా కూర్చుంది, అది నాకు నచ్చింది. వాళ్ళ ఆఫీసు మా ప్రాంతం గురించి ఒక నివేదిక రాస్తోందట. ఏ పనులు ఉన్నాయి, ఏవి పోతున్నాయి, జనం దేనికి మళ్ళుతున్నారు, ముందు ముందు అక్కడ ఏం పెడితే బాగుంటుంది, ఇవన్నీ అందులో ఉంటాయట. అది చూసి పైవాళ్ళు డబ్బు దేనికివ్వాలో తేలుస్తారట. వచ్చే వారం ఊళ్ళు తిరుగుతారు. ఈలోపు పాత సంగతులు తెలిసిన మనిషి కావాలంటే ఎవరో ఆర్ట్ డైరెక్టర్ నా పేరు చెప్పాడు, సినిమాల కోసం ఆ ఊళ్ళన్నీ తిరిగి పాత సామాను కొనుక్కొచ్చిన ముసలాయన ఒకడు ఇంకా బతికే ఉన్నాడని.

ఆమె వస్తోందని ముందురోజే స్వరూపకు ఫోన్‌లో చెప్పాను. స్వరూప మా అన్న కొమురయ్య కూతురు. అన్న పోయాడు, ఆమె ఊళ్ళోనే ఉంటోంది. పది పాసైంది. పత్తి ఏరే రోజుల్లో కూలికి పోతుంది, మిగతా రోజుల్లో పని ఎక్కడుందా అని చూస్తుంది. ఒకసారి మేస్త్రి వెంట పట్నం వచ్చి, బోరబండ అవతల కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్డులో ఎండాకాలమంతా గడిపి వెళ్ళింది. మళ్ళీ ఆ షెడ్డు మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. ఇప్పుడు మా ఊరికి కొంత దూరాన హైవే మీద ఒక పెద్ద గోదాము వచ్చింది. జనం ఫోన్లలో కొనుక్కునే వస్తువులను అక్కడ డబ్బాల్లో పెట్టి పంపుతారు. ఆ పనికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారు.

"చిన్నాయినా, గా పిల్ల వస్తె బస్సు ముచ్చట చెప్పు, మరువకు" అంది స్వరూప. "పొద్దుగాల పోతందుకు ఆటోలున్నయి. రాత్రి షిఫ్టు దిగినంక ఏం లేదు. గప్పుడు ఒక్క బస్సు ఏస్తె మా ఊరి ఆడోళ్ళం శానమందిమి పోతం. లేకుంటె మల్ల మేస్త్రి ఎన్క రేకుల షెడ్డుకు పోవుడే."

చెప్తానన్నాను. అందుకే నిఖిల స్టూలు మీద సర్దుకోగానే ముందు బస్సు సంగతే ఎత్తాను. ఆమె శ్రద్ధగా విని, చేతిలోని టాబ్‌లో రాసుకుని, తర్వాత తన ప్రశ్నలకు వచ్చింది.

"సర్, మీ చిన్నప్పుడు మీ ఇంట్లో మెయిన్ ఆక్యుపేషన్ ఏంటి? అంటే ప్రధానంగా ఏం చేసేవారు?"

"గొంగళ్ళు నేసెటోళ్ళం. నల్లగొర్రె ఉన్నితోని."

"ఓకే, వీవింగ్. అమ్మగారు?"

"ఉన్ని వడికేది. గంజి కాచేది. నూలుకు గంజి పట్టించేది. నేసినయి నెత్తిన పెట్టుకోని అంగడికి పోయి అమ్మేది."

నిఖిల వేలు టాబ్ మీద అటూ ఇటూ తిరిగింది. "హౌస్‌వైఫ్ అని పెట్టాలా, ఫ్యామిలీ లేబర్ అని పెట్టాలా సర్? ఇది ఒక్కటే తీసుకుంటుంది."

"ఆమె లేకపోతె మా నాయిన మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకోని ఊరికె కూసునుడే బిడ్డా. గదేం కింద వస్తదో నువ్వే చూడు."

ఆమె నవ్వింది, నన్ను చూసి కాదు, టాబ్‌ను చూసి. మంచి పిల్ల. నా కోపం ఆమె మీద కాదు. ఒక మనిషి జీవితంలోంచి ఒకే ముక్క తీసుకుని తక్కినది పారేసే యంత్రాన్ని ఆమె చేతికిచ్చి పంపినవాళ్ళ మీద. ఆ యంత్రంలో పట్టనిది ఆమెకు నోటితో చెప్పాను. ఇక్కడ కాగితం మీద పెడుతున్నాను.

మా ఇంట్లో పొద్దున కళ్ళు తెరిస్తే ముందు ముక్కుకు తగిలేది చింతగింజల వాసన. అమ్మ ఓటికుండ పెంకులో గింజలు వేయించి, రోట్లో దంచి పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, పెద్ద కుండలో గంజి కాచేది. అది ఉడికేటప్పుడు కొంచెం మాడు వాసన, కొంచెం తీపి వాసన కలిసి వచ్చేవి. ఆకలితో ఉన్నవాళ్ళకు అదేదో తినేదనిపించేది. తినేది కాదు, నూలుకు బలం పట్టించేది. పడుగును, అంటే మగ్గానికి ఎక్కించబోయే నిలువు నూలును, మా వాకిట్లోంచి వీధి పొడుగునా గుంజలకు కట్టి సాగదీసేవాళ్ళు. అమ్మ ఒక పక్క, మా మేనత్త ఒక పక్క నిలబడి కుంచెలతో గంజి రాసుకుంటూ వీధి చివరిదాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చేవారు. ఆ పూట బండ్లు చుట్టు తిరిగి పోవలసిందే. ఎవరూ సణిగేవారు కాదు, వానలు పడితే అందరికీ మా గుమ్మం తొక్కక తప్పదు గనక. వానకు తడిసిన గొర్రె వాసన, గంజి వాసన, నాయన చెవి వెనక పెట్టుకున్న బీడీ వాసన, మూడూ కలిసి మా ఇంటికి ఒక గుర్తుగా ఉండేవి. ఇతర ఇళ్ళ పిల్లలు మమ్మల్ని ఆ వాసన పేరుతోనే ఎక్కిరించేవారు.

నాయన మగ్గం గుంతలోకి దిగితే మధ్యాహ్నందాకా మాట్లాడేవాడు కాదు. మాటిమాటికీ గుంత ఎక్కి దిగడం కష్టమని నీళ్ళు కూడా తాగేవాడు కాదు. దిగేముందు మగ్గం కట్టెకు నుదురు ఆనించేవాడు, ఎక్కాక నడుం పట్టుకుని గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకునేవాడు. మా మగ్గానికి దువ్వెనలాంటి పన్నె ఉండదు. అడ్డం నూలును దగ్గరికి కొట్టడానికి చింతచెక్కతో చేసిన పొడుగాటి కత్తి ఉంటుంది. అది మా తాత చేతి కత్తి. పట్టుకునేచోట చెక్క అరిగి, తాత వేళ్ళకు తగినట్టు గుంటలు పడి ఉండేది. ఆ గొంగడి ఊరందరికీ వాననాడు తల మీద ముసుగేసుకునే కొప్పెర, చలినాడు దుప్పటి, పొలంలో పరుపు, పసిపిల్ల ఉయ్యాల. పెద్దమనుషులు పంచాయతీకి కూర్చునేది దాని మీదే. గొంగడి మీద కూర్చుని అబద్ధం ఆడకూడదని అనేవారు. ఆడగా నేను చూశాను.

అప్పుడు బాగుండేదని నేను అనడం లేదు, అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉన్ని నూగు పీల్చి పీల్చి మా అమ్మ దగ్గుతూనే పోయింది. ఎండాకాలం మా ఇంట్లో పొయ్యి ఒక పూటే వెలిగేది. కానీ పని ఉండేది, పని మా చేతుల్లో ఉండేది. దాన్ని కొట్టింది ఏ మిల్లూ కాదు, యూరియా సంచి. రైతు పొలానికి ఎరువు తెచ్చుకుంటే సంచి ఊరికే మిగిలేది. దాని ఒక మూలను రెండో మూలలోకి నెట్టి తల మీద వేసుకుంటే కొప్పెరే. తడవదు, బరువుండదు, డబ్బు పెట్టనక్కర్లేదు. ఆ తర్వాత గొర్రెలు మారాయి. మాంసానికి గిరాకీ పెరిగి, ఊళ్ళోకి ఎర్రగొర్రెలు వచ్చాయి, వాటి ఒంటి మీద వెంట్రుకే గాని ఉన్ని లేదు. మిగిలిన నల్లగొర్రెల ఉన్నిని కత్తిరించి దిబ్బ మీద పోయడం మొదలైంది. ఒక మగ్గం ముందు నాయన, అన్న, నేను ముగ్గురం ఉండి, ఒకరికి కూడా పని చాలని రోజులు వచ్చాక, నేను పట్నం బస్సెక్కాను.

ఫిల్మ్ నగర్ అప్పుడు నగరం కాదు, బండలు. మా పాలమూరువాళ్ళే ఆ బండలు పగలగొడుతున్నారు. కొన్నాళ్ళు నేనూ కొట్టాను. తర్వాత సాంబశివరావు గారని మద్రాసు నుంచి వచ్చిన కోస్తా ఆయన, సినిమాలకు సామాను సమకూర్చే ప్రాపర్టీ మాస్టర్, బరువులు మోయడానికి నన్ను పెట్టుకున్నాడు. ఆయన గోదాములో ఇత్తడి బిందెలకూ లాంతర్లకూ పాత పేపర్లు చుట్టేవాళ్ళం. చుట్టే ముందు ఒక్కో అక్షరం కూడబలుక్కుని, చుట్టబోయే వార్త పూర్తిగా చదివితే తప్ప చుట్టేవాణ్ణి కాదు. నా బడి అదే. "ఒరేయ్ మల్లేశం, పేపరు చుట్టరా అంటే చదువుతావేంట్రా. షూటింగు అయిపోయాక పంపుతావా సామాను" అని ఆయన అరిచేవాడు. అరిచాడే గాని ఆపలేదు.

ఒక సినిమాకు గొంగళ్ళు నేసే మగ్గం కావలసి వచ్చింది. సాంబశివరావు గారు నన్ను వ్యాన్‌లో ఎక్కించుకుని మా ఊరే తీసుకెళ్ళాడు. నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అన్న కొమురయ్య ఆ వారమే మేస్త్రి వెంట ఎక్కడో డ్యామ్ పనికి పోవలసి ఉంది. అన్న మళ్ళీ వచ్చి మగ్గం గుంతలోకి దిగుతాడా, ఇక మట్టి మోసుకునే బతుకుతాడా అన్నది ఆ పూట మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట.

"పెద్దాయనా, మీ అబ్బాయి మా దగ్గరే ఉన్నాడండీ. మగ్గం ఖాళీగా ఉందంటున్నాడు, తీసుకెళ్తాం" అన్నాడు సాంబశివరావు గారు.

"ఖాళీగ లేదు సారు. జర ఆగింది, గంతే."

"ఆగిందట" అంది అమ్మ దగ్గుతూ. "గుంతల ఎలుకలు పిల్లల్ని పెట్టినయి. ఇచ్చెయ్ రాదు."

నాయన అన్న వైపు చూశాడు. అన్న గుంజ పట్టుకుని నిలబడి, "నేనొచ్చినంక మల్ల చేయించుకుందం తియ్ నాయినా" అన్నాడు.

మగ్గం విప్పి వ్యాన్‌లోకి ఎక్కించాం. సాంబశివరావు గారు ఒక్కొక్కటీ చూసుకుంటూ ఆగిపోయాడు. "నూలును కొడతారే, పొడుగ్గా కత్తిలా ఉంటుంది, అదేదండీ?"

"పోయింది సారు."

అది పైకప్పు వాసాల మధ్య ఉంది. కొన నాకు కనిపిస్తూనే ఉంది. అమ్మకూ కనిపిస్తోంది. అమ్మ ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయింది. దారిలో సాంబశివరావు గారు వెనక్కి తిరిగి మగ్గం కట్టెలు మళ్ళీ లెక్కపెట్టాడు. ఆఖరికి, "మీ నాన్న అబద్ధం ఆడాడ్రా" అన్నాడు. అవునన్నాను. "ఎందుకురా?" "కత్తి ఉంటె మగ్గం ఉన్నట్టేనండి. మిగిలింది కట్టె. ఏ వడ్లాయన అయినా చేసిస్తడు." ఆయన, "సర్లే, మన కార్పెంటరు ప్లైవుడ్‌తో కోసి రంగేస్తాడు. కెమెరాకి తెలుస్తుందా పాడా" అన్నాడు. నిజంగానే తెలియలేదు.

అదొక్క మా ఇంటి సంగతే అనుకున్నాను. తర్వాత ఏళ్ళ తరబడి ఆ ఎండుప్రాంతమంతా తిరిగాం. సినిమావాళ్ళకు పల్లె అంటే పిచ్చి ప్రేమ, పల్లెలో ఏదైనా చచ్చిపోయిన తర్వాత ఇంకా ఎక్కువ ప్రేమ. వాళ్ళకు మోట కావాలి, గానుగ కావాలి, కొలిమి కావాలి. మేం వెళ్ళిన ఏ ఇంట్లోనూ సామాను పూర్తిగా ఇచ్చేవాళ్ళు కాదు. ఒక కుమ్మరామె సారె ఇచ్చింది, దాన్ని తిప్పే కర్ర మీద తడిచీర ఆరేసి, ఆ కర్ర సంగతే తెలియనట్టు మాతో మాట్లాడింది. ఒక కమ్మరాయన కొలిమితిత్తి తానే మోసుకొచ్చి వ్యాన్‌లో పెట్టి, పట్టుకారు అడిగితే పక్క ఊళ్ళో ఎవరికో ఇచ్చానన్నాడు. అది ఆయన వెనకే దూలానికి వేలాడుతోంది. ఇదేదో కట్టడి కాదు, ఎవరూ ఎవరికీ చెప్పుకున్నది కాదు. పని ఇంట్లోంచి పోతోందని తెలుసు, పూర్తిగా పోనివ్వడం ఇష్టం లేదు. మంచి రోజు వస్తే ఆ ఒక్క ముక్క చుట్టూ తక్కినదంతా కట్టుకుందామనుకున్నారు. "ఇదేం బేరం రా, ఏ ఇంటికెళ్ళినా ఒకటి తక్కువే" అని సాంబశివరావు గారు విసుక్కునేవాడు, కానీ గట్టిగా అడిగేవాడు కాదు. గోదాములో మా సామానంతా అట్లా కుంటిదే. కుంటిచోటల్లా ప్లైవుడ్.

ప్రాంతం ఎట్లా ఉందో లెక్కలు తీసేవాళ్ళు చాలా కొలుస్తారు. నాకు తెలిసిన కొలత ఒకటే, ఇంటివాళ్ళు ఏం దాచుకున్నారు అని. దాచుకున్నంతకాలం ఆ పని చచ్చినట్టు కాదు. తర్వాత్తర్వాత దాచుకోవడం తగ్గింది. వానలు వరసగా ఎగ్గొట్టి, ఊళ్ళు మేస్త్రిల వెంట సగానికి సగం ఖాళీ అయిన కాలంలో, ఒక కమ్మరింటి ముందు సామాను ఎక్కించుకుని కదిలాం. వెనక నుంచి ఆ ఇంటి కోడలు పరుగెత్తుకుంటూ వచ్చి వ్యాన్ ఆపింది. కొంగులో చుట్టి తెచ్చిన పట్టుకారు నా ఒడిలో పడేసి, "ఇది గూడ తీస్కపో అన్నా. ఇంట్ల ఉంటె మా మామ దినాం పట్టుకోని కూసుంటుండు, పనికి పోతలేడు" అంది. సాంబశివరావు గారు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ రోజు మొదటిసారి మాకు పూర్తి సామాను దొరికింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ పూర్తిగానే దొరికింది. ఇంకొన్నాళ్ళకు సామాను బేరం మాని, "మా పిలగానికి సినిమాల్ల ఏమన్న పని దొరుకుతదా సారు" అని అడగడం మొదలుపెట్టారు. ఆ పైన కొనడానికే ఏమీ మిగల్లేదు. ఫిల్మ్ నగర్ షెడ్లలోనే ఫైబర్‌తో సారెలూ గానుగలూ పోతపోసుకున్నాం. మా నాయన మగ్గం అంతకుముందే గోదాములో చెదలు తిని పోయింది.

ఆ ఇళ్ళవాళ్ళు ఎక్కడికి పోయారంటే ఈ గుట్ట మీదికే వచ్చారు. జూబ్లీహిల్స్‌లో గోడ ఎత్తుగా ఉన్న ఏ బంగళా ముందైనా ఆగి, లోపల ఎవరున్నారో గాని గేటు దగ్గర ఎవరున్నారో అడగండి. మా వైపు మనిషే ఉంటాడు. మా అన్న కొమురయ్య డ్యామ్ పనులూ బండలూ అయ్యాక ఆఖరికి ఒక నిర్మాత ఇంటి గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ముసురు పట్టిన రోజున చూడబోతే, కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని వణుకుతున్నాడు. లోపల ఆ ఇంటి హాల్లో గోడకు ఒక గొంగడి అలంకారంగా తగిలించి ఉందట, తలుపు తెరిచినప్పుడు కనిపిస్తుందట. "మన నేతేరా" అన్నాడు అన్న. "అంచు చూస్తె తెలిసింది." నేను లోపలికి పోయి అడగబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఉద్యోగం పోతుందన్నాడు.

ఇదంతా విన్న నిఖిల ఎప్పుడో రాయడం మానేసింది. ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు చేసుకుంది. టీ చల్లారిపోయినా తాగింది. "సర్, మీరు చెప్పింది చాలా పవర్‌ఫుల్‌గా ఉంది. ముఖ్యంగా ఆ ఒక్క పార్ట్ దాచుకోవడం" అంది.

"అది అయిపోయిన ముచ్చట బిడ్డా. బస్సు రాసుకున్నవు కద."

టాబ్ తిప్పి చూపించింది. రాసుకుంది. కింద గీత కూడా గీసుకుంది.

వాళ్ళ బృందం మా ఊరు వెళ్ళింది. స్వరూప చెప్పిందట, పక్క వీధి ఆడవాళ్ళూ చెప్పారట. ఎవరిని కదిలించినా బస్సే అన్నారట. గోదాము వాళ్ళు కూడా బస్సు ఉంటే ఇంకా మందిని తీసుకుంటామన్నారట. "ఈసారి అయితది చిన్నాయినా" అని ఫోన్‌లో స్వరూప గొంతు తేలికగా వినిపించింది.

నివేదిక విడుదల చేస్తున్నామని నన్ను ఆఫీసుకు పిలిచారు. జూబ్లీహిల్స్‌లో అద్దాల మేడ. ఏసీ చలికి నా మోకాళ్ళు పట్టేశాయి. గోడ నిండా తెర. దాని మీద ఎవరిదో ముసలిచెయ్యి ఫోటో, కింద నేను చెప్పిన మాటలు. ప్రతి ఇల్లూ ఒక ముక్క దాచుకుంది అని. చప్పట్లు కొట్టారు. తర్వాత వచ్చింది వాళ్ళ సిఫారసు. ఆ ఒక్క ముక్కను మళ్ళీ పూర్తి చేస్తారట. మా ఊళ్ళో ఒక వారసత్వ గ్రామం కడతారట. కుమ్మరి, కమ్మరి, గొంగడి నేత, అన్నీ ఒకేచోట ఉంటాయట. శని, ఆదివారాల్లో పట్నం నుంచి జనం చూడటానికి వస్తారట. స్థానిక మహిళలకు ఉపాధి. నిఖిల పైఅధికారి, చొక్కా చేతులు మడుచుకున్న యువకుడు, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మీ స్టోరీయే మా రిపోర్ట్‌కి ప్రాణం అండీ."

"బస్సు ఏమైంది సారు?" అన్నాను.

"బస్సు కూడా ఉందండీ. విజిటర్స్‌కి ఏసీ బస్ పెడుతున్నాం, పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేస్తుంది."

"అది కాదు. గోదాముకు పోయే ఆడోళ్ళకు, రాత్రిపూట."

ఆయన మొహంలో విసుగు లేదు, అర్థం కాకపోవడమూ లేదు. చాలాసార్లు చెప్పి అలవాటైన మాటను మెత్తగా చెప్పాడు. "ట్రాన్స్‌పోర్ట్ వేరే డిపార్ట్‌మెంట్ అండీ. మన స్కోప్‌లోకి రాదు."

నిఖిల లిఫ్టు దాకా నాతో వచ్చింది. లిఫ్టు వచ్చాక కూడా బటన్ నొక్కుతూనే ఉంది. "నేను రాశాను సర్. రెండు పేజీలు రాశాను. ఫైనల్‌లో తీసేశారు" అంది. నమ్మాను. ఆమె కళ్ళు చూస్తే నమ్మకుండా ఉండలేం. నమ్మినందువల్ల మా ఊళ్ళో బస్సు తిరగదు. జరిగిపోయిందని నేను చెప్పినదాన్ని వాళ్ళు జరగబోయేదిగా రాసుకున్నారు. జరగాలని నేను అడిగినదాన్ని చెరిపేశారు. దీనికి చదువెందుకు, ఆఫీసెందుకు, ఊళ్ళు తిరగడం ఎందుకు. బతికున్నవాళ్ళు నోరు తెరిచి అడిగినది వినకుండా, పోయినవాళ్ళు దాచుకున్నదాని మీద మోజు పడే ఈ బుద్ధి నాకు కొత్త కాదు. నలభై ఏళ్ళకు పైగా ఫిల్మ్ నగర్‌లో దాని దగ్గరే జీతం తీసుకున్నాను. అక్కడ దాన్ని సినిమా అనేవాళ్ళం. అభివృద్ధి అని ఎన్నడూ అనలేదు.

వారసత్వ గ్రామం సామాను చేసే కాంట్రాక్టు ఫిల్మ్ నగర్ సెట్ల కంపెనీ ఒకదానికే దొరికింది. మా బస్తీ మలుపు దాటాక వాళ్ళ షెడ్డు. ఒకరోజు అటు పోతూ చూస్తే మగ్గం తయారవుతోంది. ప్లైవుడ్డే. పాతగా కనిపించడానికి టీ డికాక్షన్ పూసి ఆరబెట్టారు. పని చేస్తున్నవాడు నన్ను గుర్తుపట్టి, "చూడండి సార్, ఒరిజినల్ లెక్క లేదా" అన్నాడు. ఉందన్నాను. వాడి పని వాడు బాగానే చేశాడు.

వానలు మొదలయ్యాక స్వరూప ఫోన్ చేసింది. మేస్త్రి ఊళ్ళోకి వచ్చాడట, పక్క వీధి ఆడవాళ్ళు ఇద్దరు సామాను సర్దుకుంటున్నారట. తనకు మాత్రం ఊళ్ళోనే పని దొరికిందంది. గొంతులో సంతోషం ఉందో లేదో నాకు తెలియలేదు.

"గా వారసత్వం కాడ నన్ను తీసుకున్నరు చిన్నాయినా. మా తాత నేసెటోడని చెప్పిన గద, గందుకు. శనారం, ఐతారం రెండు దినాలే."

"నేసుడు నీకెక్కడ వస్తది? నువ్వు పుట్టకముందే మగ్గం పోయింది."

"గదే చెప్పిన. నాకు రాదన్న. ఏం కాదు, వచ్చుడెందుకు, మగ్గం ముందల కూసుంటె చాలన్నరు. కూసుంటె పైసలిస్తరట." ఆ పైన తనే అంది. "నిజంగ నేస్తె ఎవరన్న ఇస్తరా అని అడిగిన. నవ్విండ్రు."

బయట ముసురు పడుతోంది. ఎవరో మెట్ల మీద గొడుగు దులుపుకుంటున్నారు.

"నువ్వు సినిమాల్ల ఎంతమందిని గట్ల కూసోబెట్టినవో" అంది. "ఎట్ల కూసోవాల్నో చెప్పు. ఈ ఐతారమే జనమొస్తున్నరు."

చెప్పాను. ఎన్నోసార్లు జూనియర్ ఆర్టిస్టులకు చెప్పిన మాటలే, ఒక్కటీ మార్చకుండా చెప్పాను. "నడుము జర ముందుకు వంచు బిడ్డా. చేతులు ఆపకు, ఉత్తగనే ఆడియ్యి. ఎవరన్న ఫోటో తీస్తుంటె అటు దిక్కు చూడకు."

"మరి ఎటు చూడాలె?"

"దారం దిక్కు చూడు."



"దారం పెట్టలేదు చిన్నాయినా" అంది స్వరూప. "ఉత్త మగ్గమే పెట్టిండ్రు."